"జీవే వారితరంగ..." తర్వాత ఏమిటి?

సికింద్రాబాద్: నిన్నటి నుంచి ఇదే నస. భర్తృహరి "ఆయుర్వర్షశతం నృణాం పరిమితం" మూడు పాదాలూ వచ్చాయి: మనిషి ఆయువు నూరేళ్లు, అందులో సగం రాత్రులకి పోతుంది, మిగిలిన సగంలో సగం బాల్యానికీ ముసలితనానికీ, శేషం వ్యాధితో, వియోగంతో, దుఃఖంతో, సేవ మొదలైనవాటితో గడిచిపోతుంది. నాలుగోది "జీవే వారితరంగ" దగ్గర ఆగిపోయింది. ఆ పైన "చంచలతరే"నా, "బుద్బుదసమే"నా? ప్రపంచ వ్యాధిభారం మీద వ్యాసం రాస్తున్నాను. ముందే చనిపోయి పోగొట్టుకున్న ఏళ్లు, జబ్బుతో ఈడ్చిన ఏళ్లు కలిపి కట్టే డాలీ లెక్కకి ముందు ఈ శ్లోకం పెట్టాలని ఉంది.

పిఠాపురం: శార్దూలంలో రెండూ చక్కగా ఒదుగుతాయి, గణాలతో తేలదు. నా ఓటు "చంచలతరే"కి. అలకంటే ఇంకా చంచలం అనే ఆ "తర"లోనే ఉంది ప్రాణం.

తెనాలి: అసలు పట్టు "తదర్ధం గతం" దగ్గరుంది. అమరకోశం చూడండి: "పుంస్యర్ధోఽర్ధం సమేంఽశకే". ఈ మాట పుంలింగమైతే ఏదో ఒక ముక్క, నపుంసకమైతే సమభాగం. ఇక్కడ నపుంసకం కాబట్టి సరిగ్గా సగం. 50 రాత్రులకి పోయె, మిగిలినదాంట్లో 25 బాల్యానికీ ముసలితనానికీ. చేతికి మిగిలేది 25.

పిఠాపురం: "తస్యార్ధస్య" అని షష్ఠిలో ఉంటే లింగం ఎలా చెబుతారు మాస్టారూ?

తెనాలి: పక్కనే "అర్ధమపరం" ఉందిగా.

రాజమండ్రి: ఏనుగు లక్ష్మణకవి దీన్ని ఎలా తెనిగించాడో ఎవరైనా పెట్టండి. ఆయన ఊరికే మాట మార్చడు. భర్తృహరిదే ఇంకో శ్లోకం చూడండి, మూలంలో ఉత్త "విఘ్నభయేన". ఈయన "ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై" అన్నాడు. ఆ ఒక్క "ఆయాసం"తో పద్యం మన మనుషులదైపోయింది.

పిఠాపురం: భర్తృహరిని తెనిగించిన ఎలకూచి బాలసరస్వతినీ పుష్పగిరి తిమ్మననూ కూడా పక్కన పెట్టుకుని చదవాలండీ.

సికింద్రాబాద్: "బాలత్వవృద్ధత్వయోః" మీద ఒక మాట. 1990ల తొలి డాలీ లెక్కల్లో, వాటిని కట్టిన మర్రే, లోపెజ్ కూడా పసితనపు ఏడాదికీ ముసలితనపు ఏడాదికీ విలువ తగ్గించారు. పాతికేళ్ల వయసు దగ్గర అత్యధికం. 2010 వ్యాధిభార అధ్యయనంలో ఆ తేడా తీసేశారు. తీసేయడమే న్యాయమని నా గట్టి నమ్మకం. శ్లోకంలోని నూరేళ్ల బదులు, పోయిన ఏళ్లు లెక్కగట్టడానికి అప్పట్లో మగవాళ్లకి 80, ఆడవాళ్లకి 82.5 ఏళ్ల ఆయువు కొలత. 2010 అధ్యయనంలో, పుట్టిన బిడ్డ ఆడైనా మగైనా 86.

విజయనగరం: మరణకారణాలు అడుగుతూ ఊళ్లు తిరిగినదాన్ని, అందుకే రాస్తున్నాను. "గుండె ఆగిపోయిందమ్మా" అంటారు. అది కారణం కాదు, ఎవరు పోయినా చివరికి ఆగేది అదే. జ్వరం ఎన్నాళ్లు, దగ్గితే రక్తం పడిందా, పొలంలో ఏదైనా కరిచిందా అని ఒక్కొక్కటే అడగాలి. ఆ కాగితాలు ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేలుస్తారు. మిలియన్ డెత్ స్టడీలో ఇలా ఇళ్లకి వెళ్లి అడగబట్టే మన దేశంలో 2005లో పాముకాటుతో దాదాపు 46,000 మంది పోయారని బయటపడింది. వాళ్లలో చాలామంది ఆస్పత్రిదాకా రాలేదు, ఆస్పత్రి రికార్డుల్లో వెతికితే ఎలా దొరుకుతారు? ఇంతకీ నా సందేహం "వ్యాధివియోగదుఃఖసహితం" గురించి. డాలీలో వ్యాధి ఉంది, ఇంట్లో మిగిలినవాళ్ల వియోగం లేదు. శ్లోకంలో ఆ రెండూ సమానమేనా?

తెనాలి: సమానమేనమ్మా. వ్యాధి, వియోగం, దుఃఖం మూడూ ద్వంద్వం.

పిఠాపురం: ద్వంద్వం కాదు, వ్యాధివియోగాల వల్ల దుఃఖం. దుఃఖాన్ని విడిగా లెక్కపెడితే ఒకే బాధ రెండుసార్లు పడుతుంది.

తెనాలి: జబ్బూ ఎడబాటూ లేని దుఃఖం లోకంలో లేదా? అప్పుల బాధ ఎక్కడ వేస్తారు?

పిఠాపురం: "సేవాదిభిః"లో "ఆది" ఎందుకుందనుకున్నారు!