మొదటి సమీకరణంలో సరిపోతోంది, అయినా జవాబు తప్పు: ఎందుకు?

మారతహళ్లి అమ్మ:
మా పాప ఇక్కడ బెంగళూరులో పదో తరగతి, సీబీఎస్‌ఈ. లెక్క ఇది:

4ఎక్స్ − 3వై = 17
6ఎక్స్ + 5వై = −3

ఎలిమినేషన్ పద్ధతిలో (ఒక అక్షరాన్ని తొలగించి) చేస్తే వై = 57, ఎక్స్ = 47 వచ్చాయి. మొదటి సమీకరణంలో పెడితే 188 − 171 = 17, సరిపోతోంది. పుస్తకం వెనక మాత్రం 2, −3 అని ఉంది. తప్పెక్కడ?

లెక్కల మాస్టారు:
తీసివేతలో పోయిందండీ. 3తో, 2తో గుణిస్తే వచ్చేవి:

12ఎక్స్ − 9వై = 51
12ఎక్స్ + 10వై = −6

కుడివైపు 51 − (−6) = 57 సరిగ్గానే చేసింది. ఎడమవైపు −9 − 10 = −19 రావాలి. −9 + 10 = 1 అనుకుంది, అందుకే వై 57 అయింది. తీసేసే ముందు కింది సమీకరణం మొత్తాన్నీ గుర్తులు మార్చి విడిగా రాయించండి: −12ఎక్స్ − 10వై = 6. ఇక కూడడమే. −19వై = 57, వై = −3.

నన్నడిగితే ఈ లెక్కలో ఎక్స్‌ని తొలగించే జోలికే పోకూడదు, వైని తొలగించాలి. వై గుణకాలు −3, +5, గుర్తులు ఎదురుగా ఉన్నాయి కదా. మొదటిదాన్ని 5తో, రెండోదాన్ని 3తో గుణించి కూడండి: 38ఎక్స్ = 76, ఎక్స్ = 2. తీసివేత అవసరమే లేదు.

జయనగర వాసి:
మొదటిదాంట్లో ఎందుకు సరిపోయిందంటే, వై = 57ని అందులోనే పెట్టి ఎక్స్ కనుక్కుంది కాబట్టి. వై ఎంత తప్పైనా అక్కడ సరిపోయి తీరుతుంది. ఎప్పుడూ రెండోదాంట్లో చూడాలి: 6×47 + 5×57 = 567. రావలసింది −3. తప్పు అక్కడే బయటపడేది.

మారతహళ్లి అమ్మ:
ఇప్పుడు అర్థమైందండీ, చాలా థాంక్స్. ఒక్కోసారి రెండు అక్షరాలూ ఎగిరిపోయి 0 = 0 వస్తోంది. అదీ తప్పేనా?

లెక్కల మాస్టారు:
కాదండీ. దర్శినిలో (ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో) 2 ప్లేట్ల ఇడ్లీ, 3 కాఫీల బిల్లు 140 రూపాయలు అనుకోండి. మర్నాడు 4 ప్లేట్లు, 6 కాఫీలకు 280. రెండో బిల్లు మొదటిదానికి రెట్టింపే, కొత్త సంగతేమీ చెప్పదు. ఇడ్లీ 40, కాఫీ 20 కావచ్చు. 25, 30 కూడా కావచ్చు. అదే 0 = 0, లెక్కలేనన్ని సాధనలు. మర్నాటి బిల్లు 270 అయితే 0 = 10 వస్తుంది. ధరలు మారకుండా అలాంటి బిల్లు రాదు, గ్రాఫ్‌లో అవి సమాంతర రేఖలు, సాధన లేదు. పిల్లలు 0 = 0 చూసి ఎక్స్ = 0, వై = 0 అని రాసేస్తుంటారు. ఇక్కడ 0, 0 పెడితే బిల్లు 140 కాదు, సున్నా అవుతుంది.