స్టెల్‌వాగన్ బ్యాంక్‌లో హంప్‌బ్యాక్ తిమింగలం మేస్తోందని ఎలా గుర్తుపట్టాలి?

నీలికెరటం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము మసాచుసెట్స్‌లో, వూస్టర్ దగ్గర ఉంటాము. కిందటి ఏడాది అక్టోబరులో బోస్టన్ రేవు నుండి తిమింగలాలను చూపించే పడవలో స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే సముద్ర ప్రాంతం దాకా వెళ్ళి వచ్చాము. నాలుగు గంటల ప్రయాణంలో మూడు హంప్‌బ్యాక్ తిమింగలాలు కనబడిన మాట నిజమే గాని, మేము చూసినదల్లా ఒకటే వరుస: నాలుగైదు సార్లు ఊపిరి చిమ్మడం, వీపు వంచడం, తోక పైకెత్తి మునిగిపోవడం, ఆరేడు నిమిషాలు జాడ లేకపోవడం, మళ్ళీ కాస్త దూరంలో తేలడం. గంటసేపు ఇదే జరిగింది. పడవలో వివరాలు చెప్పే ఆవిడ మాత్రం ఎంతో ఉత్సాహంగా "ఇది ఇప్పుడు అడుగున మేస్తోంది" అని ప్రకటించారు. నోరు తెరవగా ఎవరూ చూడనప్పుడు అది మేత అని ఎలా చెప్పగలిగారో నాకు అర్థం కాలేదు. టికెట్టు కొన్నవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా చెప్పిన మాటేమోనని కూడా అనుమానం కలిగింది.

జూన్‌లో మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుండి వస్తున్నారు. టీవీలో చూసినట్టు బుడగలతో వల పన్ని, నోళ్ళు తెరుచుకుని ఒక్కసారిగా పైకి లేచే దృశ్యాన్ని వారికి చూపించాలని నా కోరిక. అది ఇక్కడ సాధ్యమేనా? తిమింగలం మేయబోతోందని ముందుగా తెలుసుకునే గుర్తులేమైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఇద్దరికీ సముద్ర ప్రయాణం ఇదే మొదటిసారి. పాపికొండలకు లాంచీలో వెళ్ళడం తప్ప వేరే అలవాటు లేదు.

తూర్పుతీరం

నీలికెరటం గారూ, ఆవిడ మీకు సర్దిచెప్పలేదు, ఉన్నమాటే చెప్పారు. గ్లాస్టర్, ప్రావిన్స్‌టౌన్ రేవుల నుండి నేను పన్నెండేళ్ళుగా ఏటా రెండు మూడు సార్లు వెళుతున్నాను, మొదటి రెండేళ్ళు నాకూ సరిగ్గా మీ అనుమానమే ఉండేది.

ఇక్కడి తిమింగలాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు అది తినే చేప సంగతి తెలియాలి. స్టెల్‌వాగన్ అనేది కేప్ యాన్‌కు, కేప్ కాడ్‌కు మధ్య నీటి అడుగున ఉన్న ఇసుక గట్టు. 1992లో దానిని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టూ ఉన్న లోతు నీటిలోని ప్రవాహాలు ఈ గట్టును ఢీకొని పైకి లేచేటప్పుడు అడుగున ఉన్న పోషకాలను కూడా పైకి తెస్తాయి. వాటితో నాచు, నాచుతో సూక్ష్మజీవులు, వాటితో చిన్న చేపలు పెరుగుతాయి. ఆ చిన్న చేపల్లో ముఖ్యమైనది శాండ్ లాన్స్. జానెడు పొడవుండే, వేలికన్నా సన్నని ఈ చేప పగలు గుంపులుగా ఈదుతుంది, రాత్రి ఇసుకలో దూరి దాక్కుంటుంది. చేప ఎక్కడుంటే తిమింగలం అక్కడే మేస్తుంది. వీపుకు అతుక్కునే పరికరాలు అమర్చి పరిశోధకులు చూసినప్పుడు, తిమింగలాలు పగటిపూట ఎక్కువగా పైనీటిలోనూ, రాత్రిపూట అడుగునా మేస్తున్నట్టు తేలింది. చేపలు పగలు కూడా ఇసుకను పట్టుకుని ఉన్న రోజుల్లో తిమింగలం కూడా పగలే అడుగుకు దిగి, పక్కకు ఒరిగి, నేలను రాసుకుంటూ మేస్తుంది. మీరు అక్టోబరులో చూసినది దాదాపు ఖచ్చితంగా అదే. ఒకే చోట తిరుగుతూ, ఇంచుమించు ఒకే లెక్కన మునిగి తేలుతూ ఉండటమే దానికి గుర్తు; ప్రయాణంలో ఉన్న తిమింగలం అయితే ఒక దిక్కు పట్టుకుని సాగిపోతుంది.

పైన మేసే రోజు వేరుగా ఉంటుంది. ఆ రోజు కళ్ళు తిమింగలం మీద కాక నీటి మీద, పక్షుల మీద పెట్టాలి. తిమింగలం మునిగిన కాసేపటికి నీటిలో లేత ఆకుపచ్చ రంగు మచ్చ ఒకటి కనిపిస్తుంది; కింద నుండి వదిలిన బుడగలు పైకి వస్తున్నప్పటి రంగు అది. ఒక్కోసారి వలయంలా చుట్టుకుని వస్తుంది, ఒక్కోసారి గుండిగ బోర్లించినట్టు ఒకే ముద్దగా పొంగుతుంది. మనకన్నా ముందు ఆ మచ్చను గల్ పక్షులు చూస్తాయి. అప్పటిదాకా చెల్లాచెదురుగా ఎగురుతున్నవి ఒక్కసారిగా ఒకే చోటికి దూసుకుపోయాయంటే మీకు నాలుగైదు సెకన్ల వ్యవధి ఉన్నట్టు. ఆ తరువాత బుడగల నడుమ నుండి నోరు లేస్తుంది. దవడలు దాదాపు లంబకోణంలో తెరుచుకుంటాయి, గడ్డం నుండి బొడ్డు దాకా ఉన్న ముడతలన్నీ విచ్చుకుని గొంతు పెద్ద సంచిలా ఉబ్బుతుంది. నోరు మూశాక అది కాసేపు అలాగే నీటిపైన పడుకుని ఉంటుంది. ఆ సమయంలో చాలామంది "అయిపోయింది" అనుకుని కెమెరా దించేస్తారు. నిజానికి అప్పుడే నాలుకతో నీటిని బయటికి తోస్తూ, పై దవడ నుండి వేలాడే బలీన్ పలకల జల్లెడలో చేపలను వడగట్టుకుంటూ ఉంటుంది. దవడ అంచున చిక్కుకున్న చేపలను గల్ పక్షులు నోట్లోంచే లాక్కుపోవడం చూడవలసిన దృశ్యం.

ఇక్కడ మాత్రమే మొదలైన అలవాటు ఒకటి ఉంది. 1980లో ఒక తిమింగలం మునిగే ముందు తోకతో నీటిని గట్టిగా చరిచి, ఆ తరువాత బుడగలు వదలడం గమనించారు. 1980ల మొదట్లో ఈ ప్రాంతంలో హెర్రింగ్ చేపలు బాగా తగ్గిపోయి, శాండ్ లాన్స్ పెరిగిన రోజులవి. ఆ చరుపు క్రమంగా ఒకదాని నుండి ఒకటి నేర్చుకోగా ఇక్కడి తిమింగలాల్లో మూడో వంతుకు పైగా పాకింది. తిమింగలాలను చూపించే పడవల నుండి 27 ఏళ్ళపాటు రాసుకున్న వివరాలను లెక్కగట్టి, కలిసి తిరిగే వాటి మధ్యనే ఈ విద్య ఎక్కువగా వ్యాపించిందని 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. అంటే మనలాంటి యాత్రికులను ఎక్కించుకున్న పడవల మీద నిలబడి రాసుకున్న పుస్తకాల నుండే ఆ సంగతి తేలింది. తోక రెండు మూడు సార్లు చరిచి మునిగితే, ఊపిరి బిగబట్టి బుడగల కోసం చూడండి.

జూన్ మంచి నెలే. ఏప్రిల్ నుండి అక్టోబరు చివరి దాకా ఇవి ఇక్కడ ఉంటాయి. చలికాలంలో కరీబియన్ సముద్రానికి వెళ్ళి, అక్కడ ఈనుతాయి, జతకడతాయి, దాదాపుగా ఏమీ తినవు. ఏడాది పొడుగునా బతకడానికి కావలసిన కొవ్వును ఇక్కడే కూడబెట్టుకోవాలి కాబట్టి, ఇవి మన కోసం ఆటలాడటానికి వచ్చినవి కావనే సంగతి గుర్తుంచుకుంటే నిరాశ తగ్గుతుంది.

భీమిలివాసి

తూర్పుతీరం గారి వివరణ చదివాక ఒక పోలిక చెప్పాలనిపించింది. మాది భీమిలి, చిన్నప్పటి నుండి వేటకు వెళ్ళేవారి మధ్య పెరిగాను. న్యూజెర్సీ నుండి ఒకసారి ప్రావిన్స్‌టౌన్ వెళ్ళి ఈ బుడగల వలను చూసినప్పుడు నాకు వెంటనే రింగు వల గుర్తుకొచ్చింది. రెంటికీ పని ఒకటే: గుంపును చుట్టేసి బయటికి పోనివ్వకపోవడం. అయితే రింగు వలకు అడుగు తాడు లాగి మూతి బిగించాలి. తిమింగలం వలకు అడుగు లేదు, తానే అడుగు. కింద నుండి నోరు తెరుచుకుని రావడమే ఆ వలకు మూతి బిగించడం. చేపలు బుడగలను దాటిపోవచ్చు గదా అని మీకు అనిపించవచ్చు. హెర్రింగ్ చేపలను తొట్టెలో ఉంచి చూసినవారు, అవి బుడగల తెరను తప్పించుకుని తిరుగుతాయే గాని దాటడానికి వెనుకాడతాయని చెప్పారు.

తోకతో చరిచే సంగతి కూడా మాకు కొత్త కాదు. వల వేశాక తెడ్లతో నీటిని కొట్టి చేపలను అదిలించడం తెలిసినదే. తిమింగలం ఎందుకు కొడుతుందో నేను చెప్పలేను గాని, ఆ మోతకు చేపలు భయపడి ముద్దగా చేరతాయనే ఊహ ఒకటి ఉందని పడవలో విన్నాను.

మీ నాన్నగారి కోసం ఒక మాట: పెద్ద పడవలో కింది అంతస్తున, మధ్య భాగంలో ఊగుడు తక్కువ. కిటికీ పక్కన కూర్చుని దిగంతాన్ని చూస్తూ ఉండమనండి. వాంతి మాత్ర వేసుకునేదైతే, వారు వాడే ఇతర మందులతో పొసగుతుందో లేదో వైద్యుడిని అడిగి, పడవ బయలుదేరడానికి గంట ముందే వేయండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే దండగే. జూన్ అని పల్చటి బట్టలతో తీసుకువెళ్ళకండి. రేవులో చెమట పోసినా, గట్టు దగ్గరకు చేరేసరికి శాలువ కావాలి.

మంచుతీరం

నీలికెరటం గారు టీవీలో చూసిన దృశ్యం బహుశా అలాస్కాలోది. జూనో నుండి చాతమ్ జలసంధి వైపు వెళ్ళే పడవలో నేను చూశాను. అక్కడ పదీ పన్నెండు తిమింగలాలు కలిసి హెర్రింగ్ గుంపును వేటాడతాయి. ఒకటి బుడగలు వదులుతూ చుట్టుతుంది, మిగిలినవి కింద నుండి తరుముతాయి. మా పడవ వారు నీటిలోకి మైకు దించారు. సన్నాయి మీద ఒకే స్వరాన్ని పట్టి ఊదినట్టు పొడుగాటి కూత ఒకటి వినబడింది, అది ఉన్నట్టుండి ఆగింది, మరుక్షణం తొమ్మిది నోళ్ళు ఒకేచోట నీటిని చీల్చుకుని లేచాయి. ఆ కూత ఆగడమే సంకేతమని తెలిసిన పడవ సిబ్బంది చేతులతో దిక్కు చూపించారు గాని, లేకపోతే నేను వేరే వైపు చూస్తూ ఉండేవాడిని. అక్కడ హంప్‌బ్యాక్‌లకు వంద గజాల లోపలికి వెళ్ళడం చట్టరీత్యా నేరం, కాబట్టి దుర్భిణి తప్పనిసరి.

బుడగల వల అంటేనే సామూహిక వేట అని నేనూ చాలాకాలం నమ్మాను. అది పూర్తిగా సరికాదు. అలాస్కాలో ఒంటరి తిమింగలాలు కూడా క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవుల కోసం వల అల్లుతాయని, ఎన్ని చుట్లు వేయాలో, బుడగల మధ్య ఎంత ఎడం ఉండాలో అవే మార్చుకుంటాయని 2024లో ప్రచురితమైన పరిశోధన ఒకటి చూపించింది.

తూర్పుతీరం

మంచుతీరం గారు చెప్పినది నిజం. స్టెల్‌వాగన్‌లో అంత పెద్ద, క్రమశిక్షణ గల గుంపులు అరుదు. ఒకటి నుండి నాలుగైదు దాకా కలిసి మేయడమే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే అలాస్కా దృశ్యాన్ని మనసులో పెట్టుకుని ఇక్కడికి రావద్దని చెబుతాను. దానికి బదులు ఇక్కడ దొరికేది పరిచయం. తోక అడుగు వైపున ఉండే నలుపు తెలుపుల మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, వాటిని బట్టి ఒక్కోదానికి పేరు ఉంటుంది. వీపు రెక్క మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి మచ్చలున్న సాల్ట్ అనే ఆడ తిమింగలాన్ని 1970ల నుండి గుర్తుపడుతున్నారు. అది పదికి పైగా పిల్లలను కన్నది, మనవలను కూడా ఎత్తింది. ఏది చరిచి మేస్తుంది, ఏది వలయం చుడుతుంది అన్నది పాత సిబ్బంది తోక చూసి చెప్పేస్తారు. కాబట్టి పేరు చెప్పగానే, "ఇది ఎలా మేస్తుంది?" అని అడగండి.

దగ్గరికి తీసుకువెళ్ళమని మాత్రం ఎవరూ పట్టుబట్టకూడదు. ఇక్కడి మార్గదర్శకాల ప్రకారం వంద అడుగుల లోపలికి కావాలని వెళ్ళకూడదు, బుడగలు లేస్తున్న చోటికి అసలే పోకూడదు. రైట్ తిమింగలం అనే మరో అరుదైన జాతి తిమింగలం కనిపిస్తే ఐదు వందల గజాల దూరం పాటించడం చట్టం. అప్పుడు పడవ వెనక్కు తిరిగితే విసుక్కోకండి.

నీలికెరటం

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక అక్టోబరు నాటి ఫొటోలన్నీ మళ్ళీ తీసి చూశాను. ఒక తిమింగలం పడవ పక్కన తల కొంచెం పైకెత్తిన ఫొటో ఉంది. దాని కుడి దవడ అంచు మీద, నల్లటి చర్మం చెక్కుకుపోయినట్టు తెల్లటి గీతలున్నాయి. అప్పుడు ఏదో పడవ తగిలిందేమోనని జాలిపడ్డాను. అది అడుగున మేసినందువల్ల వచ్చినదేనంటారా?

నాన్నగారు ఇంకొక ప్రశ్న అడగమన్నారు. ఇవి మన దేశం వైపు ఉండవా అని.

తూర్పుతీరం

ఉన్నాయని చెప్పండి. అరేబియా సముద్రంలో ఒమన్ తీరం నుండి మన పడమటి తీరం దాకా తిరిగే హంప్‌బ్యాక్‌ల చిన్న సమూహం ఒకటి ఉంది. మిగిలిన వాటిలా ఇవి చల్లని సముద్రాలకు వలస పోవు. మేయడం, ఈనడం రెండూ అక్కడే. 1960లలో సోవియట్ వేట ఓడలు వీటిని దొంగతనంగా రెండు వందలకు పైగా చంపాయి, ఆ దెబ్బ నుండి ఇప్పటికీ కోలుకోలేదు.

ఇక మీ ఫొటో సంగతి. పడవ తాకితే తెగిన గాయం పడుతుంది గాని అంచు వెంబడి రాపిడి గీతలు పడవు. ఇసుకకు, గులకరాళ్ళకు దవడ రాసుకున్నప్పుడే అలా చెక్కుకుపోతుంది. పైగా మీరు కుడి దవడ అన్నారు. ఇక్కడ అలాంటి గీతలున్న తిమింగలాల్లో చాలావాటికి అవి కుడివైపే ఉంటాయి, మనలో ఎక్కువమందికి కుడిచేతి వాటం ఉన్నట్టు. ఆ ఫొటోను తోక ఫొటోతో కలిపి ప్రావిన్స్‌టౌన్‌లోని సెంటర్ ఫర్ కోస్టల్ స్టడీస్ వారికి పంపండి. స్టెల్‌వాగన్ ఉన్న గల్ఫ్ ఆఫ్ మెయిన్ సముద్ర ప్రాంతపు హంప్‌బ్యాక్‌ల జాబితా వారి దగ్గర ఉంటుంది. జూన్‌లో మీ నాన్నగారికి చూపించేటప్పుడు దాని పేరు మీకు తెలిసి ఉండవచ్చు.