కాలువ గట్టు చెత్త, గుర్రపు డెక్క, కొబ్బరి డొక్కలు: మీ ఊళ్లో ఏ పని నిలబడింది?

శివారు ఆయకట్టు:
మాది కోనసీమలో పంట కాలువ చివర ఊరండి. ఎగువ ఊళ్లన్నీ దాటి వచ్చిన చెత్త మా లాకు దగ్గర ఆగుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో పేపర్ విస్తర్లు, వాటర్ ప్యాకెట్లు, వాటి చుట్టూ నీళ్ల మీద అల్లుకునే కలుపు మొక్క గుర్రపు డెక్క. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆ నీళ్లతోనే మంచినీటి చెరువు నింపుకోవాలి. కుర్రాళ్లం కొందరం ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ర్యాలీ తీసి, మొక్క నాటి, ఫొటో దిగే కార్యక్రమాలు చాలా చూశాం, అవి వద్దు. రెండో ఏడు కూడా నడిచిన పని ఏదైనా ఉంటే చెప్పండి. ఆగిపోయినవైనా సరే, ఎందుకు ఆగాయో చెప్పండి.

దాళ్వా రైతు:
డెక్కతో మొదలుపెట్టండి. కాలువ పారుతుండగా తీస్తే ఎగువ నుంచి మళ్లీ దిగుతుంది, కూలి దండగ. కాలువ కట్టేశాక తీయాలి, అదీ పూత రాకముందు. గింజ రాలిందంటే బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. తీసింది గట్టు మీదే వదిలేసి వెళ్లిపోతారు చూడండి, అది తొలకరి వానకి తిరిగి కాలువలోకే జారుతుంది. డెక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. నాలుగెండలు తగలనిస్తే బరువు తగ్గి, ట్రాక్టర్ ట్రిప్పులు తగ్గుతాయి. మేం ఎండినదాన్ని కొబ్బరి పాదుల్లో పరుస్తాం. తోటలున్న రైతులే వచ్చి పట్టుకెళ్తారు కాబట్టి మా ఊళ్లో ఆ పని ఆగలేదు. ఒక్క జాగ్రత్త: ఫ్యాక్టరీ నీళ్లు కలిసే డ్రెయిన్‌లో పెరిగిన డెక్క తోటకి వద్దు, దాని వేళ్లు లోహాల్ని పీల్చుకుంటాయి.

చెరువుల మీద:
తీయడం సరే. అది అంతలా ఎందుకు బలుస్తోందో ఎవరూ మాట్లాడరేం? పొలాల నుంచి యూరియా, డీఏపీ కలిసిన నీళ్లు, మా చెరువుల నుంచి మేత మిగులు. నేను భీమవరం వైపు రొయ్యల రైతునే, ముందే చెబుతున్నా. రొయ్యల పట్టుబడి అయ్యాక అడుగు నీళ్లు నేరుగా డ్రెయిన్‌లోకి తోసేస్తారు. ఆ నీళ్లని పక్కన చిన్న చెరువులో కొన్నాళ్లు నిలవబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లే బయటికి వదలొచ్చు. సొంత చెరువున్న మేం కొందరం అలాగే చేస్తున్నాం. లీజు చెరువుల్లో మాత్రం ఇది జరగదు. ఎకరానికింత అని లీజు కట్టేవాడు కొంత జాగా మడ్డి కోసం ఎందుకు వదులుతాడు? లీజు రాసుకునేటప్పుడే భూమి యజమాని ఆ జాగాకి డబ్బు తగ్గిస్తేనే కుదిరే పని. అవగాహన సదస్సులు పెట్టి లాభం లేదు.

శివారు ఆయకట్టు:
ఈ లీజు సంగతి మాకు తట్టలేదండి. మరి కొబ్బరి డొక్కల సంగతి? మా ఊళ్లో కాయలు దింపి ఒలిచే కళ్లాల దగ్గర గుట్టలు పడున్నాయి.

అంబాజీపేట వైపు:
డొక్కని చెత్త అనకండి బాబూ, అందులో పొటాష్ ఉంది. చెట్టు పాదులో పైపైన పరిచేటప్పుడు బోర్లా పెట్టండి. వెల్లకిలా పెడితే వాన నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. అదే గోతిలో వరసలుగా పూడ్చేటప్పుడు వెల్లకిలా పెట్టాలి, నీళ్లు పట్టుకోవడమే కదా మనకి కావాల్సింది. ఒకసారి పూడిస్తే కొన్నేళ్లు పనిచేస్తుంది. పీచు మిల్లు దగ్గర మిగిలే పొట్టుని మాత్రం అలాగే వేయొద్దు. అది తొందరగా చివకదు, చివికేటప్పుడు నేలలో నత్రజని లాగేసుకుంటుంది. టన్ను పొట్టుకి 5 కిలోల యూరియా, పుట్టగొడుగు విత్తనం పొరల మధ్య చల్లి, తడి ఆరకుండా చూస్తే ఎరువు అవుతుంది. కడిగిన పొట్టుకి కడియం నర్సరీల్లో గిరాకీ ఉంది. సముద్రం దగ్గరి ఊళ్ల పొట్టులో ఉప్పు ఎక్కువ, మంచినీళ్లతో కడగనిదే మొక్కలకి పెట్టకండి.

నాలుగెకరాల తోట:
ఎరువు గుట్టలు వేయమని అందరూ చెబుతారు, కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు గురించి చెప్పరు. పేడ కుప్పలూ, చివికే మట్టలూ దానికి పుట్టిల్లు. మా వీధిలో ఉమ్మడి కంపోస్టు గొయ్యి తవ్వాక పక్క తోటలో లేత మొవ్వులు తినేసిందని పెద్ద గొడవ. పంచాయతీ దాకా వెళ్లింది. గొయ్యి అప్పుడప్పుడూ తిరగేసి, దాని పిల్ల పురుగులు, ఆ తెల్లవి, ఏరేసి, వాటిని చంపే మెటారైజియం శిలీంద్రం కలపాలి. ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోకపోతే గొయ్యి జోలికి పోకండి.

అంబాజీపేట వైపు:
అది నిజమేనండి. పైగా కొబ్బరి ఆకుల రసం పీల్చే తెల్లదోమకి భయపడి మట్టల మీద ఘాటైన మందులు కొట్టకండి. దాన్ని తినే మిత్ర పురుగులే ముందు చస్తాయి. తెల్లదోమకి పనిచేసే శిలీంద్రం మా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి.

గ్రూపు లీడరమ్మ:
పెళ్లి చెత్త గురించి నేను చెబుతాను. మా డ్వాక్రా గ్రూపులో స్టీలు కంచాలు, గ్లాసులు కొని అద్దెకిస్తున్నాం. జనం కంచాలకి వెనకాడటం లేదు, కడిగేదెవరు అన్న దగ్గరే బేరం తెగదు. అద్దెలోనే కడుగుకూలి కలిపేశాక గిరాకీ పెరిగింది. పోయిన కంచానికి డిపాజిట్‌లో కోత. ఇంకోటి, కాలువ రేవులో కడగనివ్వం. ఎంగిలి మెతుకులు కాలువలో కలిస్తే మళ్లీ మొదటికే కదమ్మా. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధం. దాంతో క్యాటరింగ్ వాళ్లు పేపర్ విస్తర్లకి మారారు. దాని మీద మెరిసే పూత ఏమిటో గోటితో గీరి చూడండి, అది ప్లాస్టిక్కే.

రావులపాలెం అరటి:
అరటాకు ఉండగా ఇదంతా ఎందుకండీ?

గ్రూపు లీడరమ్మ:
ముహూర్తాల రోజుల్లో ఆకు రేటు మీరే చెప్పండి బాబూ! గాలివానకి చీలిందంటే ఆ రేటుకీ దొరకదు. పైగా బఫేలో అరటాకు పట్టుకుని నిలబడతారా?

చెరువుల మీద:
బఫే ఎత్తేస్తే సగం చెత్త పోతుంది. బంతి భోజనంలో అడిగి వడ్డిస్తారు, కూరలు ఇంత పారేయరు. ఇలా అంటే మా ఇంట్లోవాళ్లే నన్ను పిసినారి అంటున్నారు.

శివారు ఆయకట్టు:
సరేనండి. ఈ వేసవికి డెక్క పని పెట్టుకుంటాం, కంచాల గురించి మా ఊరి గ్రూపు వాళ్లని అడుగుతాం. కాలువలో దిగడానికి ఎవరి అనుమతి కావాలి?

దాళ్వా రైతు:
ముందు కాలువ నీళ్లు చూసుకునే లస్కర్‌ని కలవండి. నీళ్లు ఎప్పుడు ఆపుతారో, మీ లాకు దగ్గర బురద ఎంత లోతో ఆయనకి తెలుసు. తర్వాత నీటి సంఘం వాళ్ల చెవిన వేసి ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)కి కాగితం పెట్టించండి. 1997 చట్టంతో వచ్చిన సంఘాలవి, కాలువ బాగోగులు చూడటం వాళ్ల పనే. పొక్లెయిన్ కావాలంటే వాళ్ల పూడికతీత పనితో కలుపుకోండి, మీ జేబులోంచి పెట్టక్కర్లేదు. మంచినీటి చెరువు నింపడం అయ్యేదాకా మాత్రం కాలువలో దిగకండి, కెలికిన బురద నీళ్లన్నీ చెరువులోకే పోతాయి.