జేన్ ఐర్ చదవాలంటే షార్లట్ బ్రాంటే జీవితం తెలిసి తీరాలా?

విజయవాడ లెక్చరర్:
డిగ్రీ ఫైనలియర్ పిల్లలకి ఈసారి జేన్ ఐర్ చెప్తున్నాను. షార్లట్ బ్రాంటే రాసిన ఇంగ్లీషు నవల, 1847లో వచ్చింది, జేన్ అనే అనాథ పిల్ల కథ. నేనెప్పుడూ రచయిత్రి జీవితంతోనే మొదలుపెడతాను. నిన్న స్టాఫ్ రూంలో ఒకరు "నవల చెప్పండి చాలు, ఆవిడ చరిత్ర దేనికి?" అన్నారు. ఆ చరిత్ర లేకుండా జేన్ చదివే లోవుడ్ స్కూలు అధ్యాయాలు చెప్పడం నా వల్ల కాదు. 1824లో ఎనిమిదేళ్ళ షార్లట్‌ని కోవన్ బ్రిడ్జ్‌లో ఫాదరీల కూతుళ్ళ బడిలో వేశారు. ఆ బడిలో జబ్బుపడ్డ ఇద్దరక్కలూ, మరియా, ఎలిజబెత్, 1825లో నలభై రోజుల తేడాలో క్షయతో పోయారు. ఆకలితో నకనకలాడుతూ మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటే జావ మాడు కంపు కొట్టే సీను ఉంది కదా, అది ఊరికే ఊహించి రాసింది కాదు. లోవుడ్‌లో జేన్ స్నేహితురాలు హెలెన్ బర్న్స్ అంటే మరియానే. మీరేమంటారు?

ఎంఏ ఫైనలియర్:
మేడమ్, గౌరవంతోనే కాదంటున్నాను. మా డిగ్రీలో మూడు క్లాసులు పుట్టిన ఊరు, తండ్రి ఉద్యోగం, చెల్లెళ్ళ పేర్లతో అయిపోయాయి. నోట్సు రాసుకున్నాం, పరీక్షలో అదే దించాం. క్లాసులో సగంమంది నవల తెరవనే లేదు. జేన్ ప్రేమించే రోచెస్టర్ అంటే షార్లట్‌కి బ్రస్సెల్స్‌లో చదువు చెప్పిన మాస్టారు హెగర్ అని ఒక్క ముక్కలో తేల్చేశాక ఇక ఆ మనిషిని చదివేదెవరు?

మీ హెలెన్ సంగతే చూడండి. జేన్ రాత్రిపూట దొంగతనంగా వెళ్ళి జబ్బుతో ఉన్న ఆమె పక్కలో పడుకుంటుంది. తెల్లారి బడి పెద్ద మిస్ టెంపుల్ వచ్చేసరికి జేన్ చేతులు హెలెన్ మెడ చుట్టూ ఉన్నాయి. జేన్ నిద్రపోతోంది. హెలెన్ ప్రాణం లేదు. ఇది షార్లట్‌కి జరగనే లేదు. మరియాని ముందే ఇంటికి తీసుకెళ్ళిపోయారు, ఆమె పోయింది హావర్త్‌లో. అప్పటికి షార్లట్ ఇంకా ఆ బడిలోనే ఉంది. కల్పనని కల్పనగా చదవనివ్వండి.

విజయవాడ లెక్చరర్:
బాబూ, నువ్వు నా మాటే చెప్పావు! ఆ రాత్రి జరగలేదని నీకు తెలిసింది జీవిత చరిత్ర వల్లే కదా. అక్క పోయేటప్పుడు పక్కన లేని పిల్ల, ఇరవై ఏళ్ళు దాటాక కూర్చుని, జేన్‌ని ఆ మంచం దాకా నడిపించింది. ఇది తెలిశాక ఆ పేజీ నాకు గొంతు పూడుకుపోకుండా చదవడం రాదు.

వరంగల్ వకీలు:
మేడమ్, జీవితం కంటే కాలం ముఖ్యమని నా వాదన. రోచెస్టర్ పిచ్చిపట్టిన భార్య బెర్తాని అటక మీద దాచి జేన్‌ని పెళ్ళాడబోతాడు కదా, మా అమ్మాయి నవల చదివి అడిగింది, "బెర్తాకి విడాకులిచ్చేస్తే సరిపోయేదిగా నాన్నా?" అని. 1857కి ముందు ఇంగ్లండ్‌లో మళ్ళీ పెళ్ళి చేసుకునేలా విడాకులు కావాలంటే ఆ ఒక్క జంట కోసం పార్లమెంటు చట్టం చేయాలి. 1857 చట్టంతో విడాకుల కోర్టు వచ్చాక కూడా పిచ్చి అనేది కారణంగా చెల్లలేదు, 1937 దాకా. రోచెస్టర్ ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వెళ్ళిపోతాడు. మనం చదివి దాటేస్తాం.

ఇంకోటి. బెర్తాతో వచ్చింది ముప్ఫై వేల పౌండ్ల కట్నం. రోచెస్టర్ ఇల్లు థార్న్‌ఫీల్డ్‌లో పిల్లకి చదువు చెప్పే జేన్ జీతం ఏడాదికి ముప్ఫై. విడిగా ఒప్పందం రాసుకోకపోతే భార్య డబ్బు పెళ్ళితోనే భర్తదైపోయే రోజులవి. బెర్తా తండ్రి జమైకాలో తోటల యజమాని, వ్యాపారి. బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది 1833లో. ఆ తోటల్లో పని చేసిందెవరో తెలియకుండా అటక మీద ఆడమనిషిని ఉత్త దెయ్యంలా చదివితే ఆమెకి రెండోసారి అన్యాయం చేసినట్టే.

ఎంఏ ఫైనలియర్:
సార్, చట్టం సంగతి ఒప్పుకుంటున్నాను. అది కథ లోపల ఉన్న ముడి, బయటినుంచి తెచ్చి అంటించింది కాదు. మేడమ్, మీతో నా పేచీ ఇప్పుడు ఒక్కటే, వరస గురించి. హెలెన్ ఎవరో ముందే చెప్పేస్తే పిల్లలు ఆ మంచం దగ్గరికి జేన్‌తో పాటు వెళ్ళరు, నోట్సు పట్టుకుని వెళ్తారు.

విజయవాడ లెక్చరర్:
ఈ మాట తీసుకుంటున్నాను. సోమవారం తొమ్మిదో అధ్యాయం క్లాసులోనే పైకి చదివిస్తాను. మరియా పేరు బుధవారం దాకా ఎత్తను. వకీలుగారూ, బెర్తా దగ్గరికొచ్చేసరికి ఆ విడాకుల చట్టం గురించి ఇంకాస్త వివరంగా రాయండి, అది మాత్రం ముందే చెప్పాలి.