చవితి చందాతో ఫాగింగ్ యంత్రం కొనాలా?

వంశధార టీచరమ్మ అడిగారు:

మాది రాయగడ జిల్లాలో ఒక చిన్న పట్టణం. వీధిలో సగం తెలుగు ఇళ్లు, సగం ఒడియా ఇళ్లు. వినాయక చవితికి ముందు నుంచి ఒకరి తర్వాత ఒకరు జ్వరంతో పడుతున్నారు. పక్కింట్లో పదో తరగతి చదివే అమ్మాయికి డెంగీ అని తేలి, బరంపురం తీసుకువెళ్లారు. ఇప్పుడు కోలుకుంటోంది.

చవితి చందాలో కొంత మిగిలింది. దానితో చేతి ఫాగింగ్ యంత్రం కొని మనమే పొగ కొట్టుకుందామని కుర్రవాళ్లు అంటున్నారు, పెద్దలూ సరే అన్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. పొగ బండి వచ్చి వెళ్లిన మర్నాడే తరగతి గదిలో పిల్లల కాళ్ల మీద చారల దోమలు వాలుతున్నాయి. మలేరియా కోసం ఇచ్చిన దోమతెరలు ఇంటింటా ఉన్నాయి, అందరూ వాటిలోనే పడుకుంటారు. అయినా ఈ జ్వరం ఎలా వచ్చింది? కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి సిమెంటు తొట్టెలు, డ్రమ్ములు తప్పవు. ఈ డబ్బు దేనికి ఖర్చు పెట్టమంటారు?

జయపురం ల్యాబ్ టెక్నీషియన్:

టీచరు గారూ, డబ్బు సంగతి తర్వాత, ముందు జ్వరాల సంగతి. మన వైపు మలేరియా కూడా ఉంది కాబట్టి రెండు పరీక్షలూ చేయించాలి. డెంగీకి చేసే రక్తపరీక్షలు ఇవి: జ్వరం మొదలైన అయిదు రోజుల లోపు ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం ఎలీసా. నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. పారాసెటమాల్ చాలు. జ్వరం తగ్గగానే గండం గడిచిందని అందరూ అనుకుంటారు. ప్రమాదకరమైన ఘడియలు అప్పుడే మొదలవుతాయి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పర్లాకిమిడి ఇన్‌సెక్ట్ కలెక్టర్ (రిటైర్డ్):

అమ్మా, ఆ యంత్రం కొననివ్వకండి.

నా ఉద్యోగమంతా టార్చిలైటు, గాజు గొట్టం పట్టుకుని మలేరియా దోమల వెంట తిరిగాను. 2010లో మల్కనగిరిలో డెంగీ బయటపడేసరికి, మాకు బాగా తెలిసింది రాత్రి కుట్టే మలేరియా దోమ అనాఫిలిస్ ఒక్కటే. డెంగీని మోసే ఈడిస్ పగటి దోమ. పొద్దెక్కే వేళ, పొద్దు వాలే ముందు ఎక్కువగా కుడుతుంది. మీ దోమతెర ప్రశ్నకు జవాబు అదే. అయినా పగలు నిద్రపోయే పసిపిల్లలకు, జ్వరంతో పడుకున్నవారికి తెర కట్టండి. రోగిని కుట్టిన దోమే కొన్ని రోజులకు మరొకరికి అంటిస్తుంది.

ఇక పొగ. ఈడిస్‌లో ఇళ్లలో ఉండే రకం, ఈడిస్ ఈజిప్టై, మంచం కింద, తగిలించిన బట్టల వెనుక, చీకటి మూలల్లో కూర్చుంటుంది. వీధిలో కొట్టిన పొగ అక్కడికి చేరదు. పొగ చంపేది ఆ పూట ఎగిరే దోమలనే. తొట్టెలో ఉన్నవి మర్నాడు రెక్కలతో పైకి వస్తాయి. కేసులు ముమ్మరంగా ఉన్నప్పుడు ఆరోగ్య శాఖ కొట్టడం వేరు, వీధివారు చందా ఖర్చు చేసి నెలనెలా కొట్టుకోవడం వేరు.

ఆ డబ్బు కంటే ముందు మీకు కావలసింది ఒక లెక్క. అన్ని పాత్రలూ సమానంగా దోమలను పుట్టించవు. గుడ్ల నుంచి వచ్చే పురుగులు, అంటే లార్వాలు, చాలా చోట్ల ఉంటాయి, కానీ వాటిలో ఎన్నో ప్యూపా దాకా బతకవు. ప్యూపా కామా గుర్తులా వంకర తిరిగి ఉంటుంది, ఏమీ తినదు, రెండు రోజుల్లో దోమ అవుతుంది. అందుకని ప్యూపాలనే లెక్కపెట్టాలి. ఆసియాలో ఆరు దేశాలలో చేసిన పరిశోధనలో కొద్ది రకాల పాత్రలే ఎక్కువ ప్యూపాలను ఇస్తున్నాయని తేలింది. ఆ పరిశోధన జరిగిన నగరాల్లో మన చెన్నై ఒకటి. అక్కడ మదురై కీటక పరిశోధన కేంద్రం వారు 2009-10లో స్థానికులను, మహిళా సంఘాలను కలుపుకుని తొట్టెలకు మూతలు వేయించి, చెత్త తీయించారు. ప్యూపాలు బాగా తగ్గాయి. కీటకాలు తెలిసినవారు ఒక్కరే ఆ పని చేయలేకపోయేవారు. తొట్టె ఎవరు కడుగుతారు, నీళ్లు ఎప్పుడు వస్తాయి, మూత ఎందుకు పక్కన పడేస్తారు అన్నది ఆ ఇంటి ఆడవాళ్లకే తెలుసు. నేనూ లార్వాలను చంపే అబేట్ మందు ఎన్నో తొట్టెల్లో కలిపాను. లీటరుకు ఒక మిల్లీగ్రాము మోతాదులో తాగే నీటికి కూడా ప్రమాదం లేదు. కానీ వాసన వస్తోందని నేను వీధి మలుపు తిరిగేలోపే ఆ నీళ్లు పారబోసేవారు. వాళ్లతో కూర్చుని మాట్లాడనిదే ఏ మందూ నిలవదు.

మీ బడి పిల్లలతో ఒక ఆదివారం ఇల్లిల్లూ తిరగండి. ఒడియా ఇళ్లకు ఒడియా పిల్లలు వెళ్లాలి. పాత్ర ఏ రకం, మూత ఉందా, ప్యూపాలు ఎన్ని అని నోటు పుస్తకంలో రాయించండి. పెరట్లో టైర్లు, కొబ్బరి చిప్పలు, నరికిన వెదురు మోళ్లు వదలకండి. తోటలు, పొదలు ఉన్నచోట ఈడిస్‌లో మరో రకమైన పులిదోమ, ఈడిస్ ఆల్బోపిక్టస్, వాటిలోనే పెరుగుతుంది.

బరంపురం ఎమ్మెస్సీ విద్యార్థి:

వోల్బాకియా గురించి కూడా చెప్పాలి. ఆ బ్యాక్టీరియా ఉన్న ఈడిస్ దోమల్లో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తలో అలాంటి దోమలను వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రచురించారు. పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కేంద్రం కూడా అలాంటి దోమలను తయారు చేసింది. అయితే అది వీధి కమిటీ చేతిలోని పని కాదు. తాతగారు చెప్పిన లెక్క ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

వంశధార టీచరమ్మ:

చాలా ధైర్యం వచ్చింది. కమిటీకి ఇవన్నీ చదివి వినిపిస్తాను. ఆ డబ్బుతో తొట్టెలకు మూతలు ఎలాంటివి చేయించాలి? రేకు మూతలు వంగిపోతున్నాయి.

పర్లాకిమిడి ఇన్‌సెక్ట్ కలెక్టర్ (రిటైర్డ్):

రేకు వద్దమ్మా, అంచున సందు ఉంటే దోమ దూరుతుంది. సన్నని నైలాన్ వలను తొట్టె కంటే పెద్దగా కత్తిరించి, చుట్టూ పాత సైకిలు ట్యూబుతో బిగించండి. వల నీళ్లను తాకకూడదు. ఆడవాళ్లు ఒంటి చేత్తో తీసి వేయగలిగేలా ఉండాలి, లేకపోతే రెండో రోజుకే పక్కన పడుతుంది. దర్జీతో ఒక్కటి కుట్టించి, ఒక ఇంట్లో వారం వాడి చూశాకే మిగిలినవి కుట్టించండి. వారానికి ఒకసారి కుళాయి వచ్చే రోజున తొట్టె ఖాళీ చేసి, లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దండి. గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. మూతలు వేసిన నెలకు మళ్లీ లెక్క తీసి, రెండు పట్టికలూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.