అప్‌డేట్: పోటీలో చెల్లి జర్క్ తడబాటు, ఊహించుకునే సాధన

ప్రాక్టీసులో అలవోకగా ఎత్తే బరువుకే మా చెల్లి వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో తడబడుతోందని, కళ్లు మూసుకుని ఆ ఎత్తడాన్ని ఊహించుకుంటే ఉపయోగం ఉంటుందా అని అడిగాను కదా. ఉంది. విజయనగరంలో మొన్న జరిగిన పోటీలో క్లీన్ అండ్ జర్క్ (బరువును ముందు భుజాల మీదికి, తర్వాత తల పైకి ఎత్తడం) మూడు ప్రయత్నాలూ నిలబెట్టింది. మీ అందరికీ ధన్యవాదాలు.

బాగా పనికొచ్చింది మాత్రం ఒకటే సలహా. పడుకుని కాదు, బెల్టు కట్టుకుని, చేతులకు సుద్ద రాసుకుని, నిలబడి ఊహించుకోవడం. పేరు పిలిచాక ఉండేది 1 నిమిషమే కాబట్టి గడియారం పెట్టుకుని చేసేది. అరచేతికి తగిలే రాడ్డు గరుకు, భుజాల మీద దాని బరువు, రిఫరీ దించమనేదాకా బిగించిన మోకాళ్లు, అన్నీ తన ఒంట్లో జరుగుతున్నట్టే. గుండె దడ కూడా ఉండాల్సిందే. టెన్షన్ లేకుండా ఊహించుకుంటే పోటీ రోజు అదే కొత్తగా వచ్చి మీద పడుతుంది. 2001లో హోమ్స్, కాలిన్స్ అనే పరిశోధకులు ఆటగాళ్ల ఊహా సాధన కోసం చెప్పిన పెట్‌లెప్ (PETTLEP) పద్ధతి సారం కూడా దాదాపు ఇదే.

బరువులెత్తడం మాత్రం ఒక్క పూట కూడా తగ్గించలేదు. ఇది దానికి తోడే.

ఇప్పుడు స్నాచ్‌కూ (బరువును నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) మొదలుపెట్టింది. అది రెప్పపాటులో అయిపోయే కదలిక, అందుకే అసలు వేగంతోనే ఊహించుకోమంటున్నాను.