స్టార్ట్ బటన్ వదిలితే మోటార్ ఆగిపోతోంది

ప్రశ్న: అన్నా, త్రీ ఫేజ్ మోటార్, డీఓఎల్ స్టార్టర్ (మోటార్‌కి నేరుగా పూర్తి సప్లై ఇచ్చేది). పచ్చ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు బాగానే తిరుగుతోంది, వేలు తీయగానే ఆగిపోతోంది. కాంటాక్టర్ (మోటార్‌కి కరెంట్ కలిపే అయస్కాంత స్విచ్) కాయిల్ పోయిందనుకుని కొత్తది వేశాను. అయినా అంతే. ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ కరెంట్ లాగితే ఆపేది) కూడా మార్చమంటారా?

జవాబు: ఏదీ మార్చొద్దు తమ్ముడూ. నొక్కితే తిరుగుతోందంటే కంట్రోల్ సప్లై (కాయిల్‌కి వచ్చే కరెంట్), స్టాప్ బటన్, ఓవర్‌లోడ్‌లోని 95-96 టెర్మినళ్ళ కాంటాక్ట్, కాయిల్ అన్నీ బాగున్నట్టే. పాత కాయిల్ కూడా బాగానే ఉండి ఉంటుంది, పారేయకండి. వేలు తీశాక కాయిల్‌ని నిలబెట్టేది స్టార్ట్ బటన్‌కి ప్యారలల్‌గా ఉండే హోల్డింగ్ కాంటాక్ట్, అంటే కాంటాక్టర్ మీద 13-14 టెర్మినళ్ళు. తేడా అక్కడే ఉంది.

మెయిన్ ఆఫ్ చేసి లాక్ వేయండి. టెస్టర్‌ని నమ్మకుండా, మీటర్‌తో మూడు ఫేజులూ లేవని చూసుకోండి. కంట్రోల్ సప్లై వేరేచోటి నుంచి వస్తుంటే అదీ తీసేయాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. తర్వాత మీటర్ కంటిన్యుటీలో పెట్టి, ప్రోబ్‌లు 13, 14 మీద ఆనించి, కాంటాక్టర్‌ని చేత్తో లోపలికి నొక్కండి. బీప్ రాకపోతే కాంటాక్ట్ పోయింది. వస్తే అక్కణ్ణుంచి బటన్ దాకా వెళ్ళే రెండు వైర్లూ చూడండి.

ప్రశ్న: బీప్ వచ్చిందన్నా! 14 దగ్గర స్క్రూ గట్టిగానే ఉంది, విప్పి చూస్తే రాగి మీద కాకుండా వైర్ తొడుగు మీద బిగించి ఉంది. ఒలిచి బిగించాను, ఇప్పుడు నిలబడుతోంది. కానీ కాంటాక్టర్ అప్పుడప్పుడు గర్రుమంటోంది.

జవాబు: గర్రుమంటున్నప్పుడు కాయిల్ టెర్మినళ్ళు ఏ1, ఏ2 మధ్య వోల్టేజ్ చూడండి. కాయిల్ మీద రాసినదాంట్లో కనీసం 85 శాతం ఉండాలి, 230 కాయిల్‌కైతే సుమారు 195. అది సరిగ్గా ఉంటే, మళ్ళీ అంతా ఆఫ్ చేసి కోర్ (కాయిల్ లోపలి ఇనుప ముక్కలు) విప్పండి. ముఖాల మీద దుమ్ము, జిడ్డు ఉంటే పొడిగుడ్డతో తుడవండి, గరుకు కాగితం పెట్టొద్దు. ఆ ముఖంలోనే సన్నటి రింగు దిగేసి ఉంటుంది. ఏసీ సున్నాకి వచ్చినప్పుడల్లా పట్టు జారకుండా ఆపేది అదే. విరిగిందంటే ఎంత తుడిచినా మోత తగ్గదు, కాంటాక్టర్ మార్చాల్సిందే.

మరో సభ్యుడు: నాకు ఓవర్‌లోడ్ పదేపదే ట్రిప్ అవుతోంది. డయల్ కాస్త పెంచొచ్చా?

జవాబు: నేమ్‌ప్లేట్ ఆంపియర్లు దాటించొద్దండీ, వైండింగ్ కాలుతుంది. క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచేది) మూడు ఫేజులూ చూడండి. ఒకదాంట్లో సున్నా అయితే ఫ్యూజ్, కాంటాక్టర్ మెయిన్ కాంటాక్టులు చూడాలి. మూడూ సమానంగా ఎక్కువ లాగుతుంటే లోడ్ వైపు, బేరింగుల వైపు వెళ్ళండి. రీడింగులు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.